దూడకు పెట్టిన గొట్టం

అమ్మా, ఇక్కడ గుజరాత్‌లో, వడోద్‌లో నేనూ నీ కోడలు సింధూజా క్షేమం. ఈ కార్డు పోస్టుమ్యాన్‌తో గట్టిగా చదివించుకో.

ఇక్కడ పాలమ్మే మణిబెన్ కోడెదూడ కడుపుబ్బి, ముక్కుతూ పడిపోయింది. అచ్చం పోయినేడు చచ్చిపోయిన మన దూడలాగే. దీనికీ ఎవరో విషం పెట్టారనుకున్నాను. మూత్రం దారికి రాయి అడ్డుపడిందని డాక్టర్ పొట్టకు చిన్న గాటు పెట్టి, మూత్రసంచిలోకి సన్నని గొట్టం దించాడు. తాగించే మందుతో రాయి కరిగేదాకా మూత్రం గొట్టంలోంచి పోతుందన్నాడు.

"రాయి తియ్యకుండ గొట్టమేంది? ఉల్లూ చేసి పైసలు గుంజుతున్నడు" అన్నాను.

"నీకు అందరి మీద అనుమానమే" అంది సింధూజ.

నమ్మకం కుదరక రోజూ డ్యూటీ దిగి వెళ్లి చూశాను. పన్నెండో రోజు డాక్టర్ గొట్టం మూసి చూస్తే, దూడ తన దారినే మూత్రం పోసింది.

మన దూడకూ రాయే అడ్డుపడి ఉంటుంది. పోశమ్మ చిన్నమ్మ కుడితిలో విషం కలిపిందని నలుగురిలో అన్నది నేనే. మీ ఇద్దరికీ మాటలు ఇంకా లేవా? కొత్త దూడ మూత్రం పోస్తోందో లేదో రోజూ చూడు, తవుడు ఎక్కువైతే రాయి కడుతుందట, తగ్గించు. నాన్న కళ్లద్దాలు వచ్చాయా?

చిన్నమ్మకు నా దండాలు చెప్పు. తీసుకోకపోయినా చెప్పు.

నీ కొడుకు
ఉమాకాంత్