క్యాసెట్టులో చివరి పాట

ఓబులన్నా,

మన నలుగురి భజన గుంపు అనంతపురం పోయి క్యాసెట్టు చేసినప్పుడు, టేపు మిగిలిందని చివర్లో, చేలో చెనక్కాయలు పీకేటప్పుడు పాడుకునే పాట పాడాం. ఊరూరా మోగింది అదొక్కటే. మీరు ముగ్గురూ ఒకరి వెనక ఒకరు పోయారు. మన వల్లూరు చేలు సోలారు ప్లాంటుకు పోయాయి. అక్కడే కాపలా ఉంటున్నాను. నిలబడి నిలబడి కాళ్లు లాగుతున్నాయి.

ఈరోజు ప్యానెళ్లు కడుగుతూ మంజుల అనే అమ్మాయి ఆ పాటే పాడుతోంది.

"ఎవురు పాడినారు పాపా ఆ పాట?" అని అడిగాను.

"తెలీదు తాతా. మా అవ్వ పాడతా ఉండె."

"మా ఓబులన్న పాడినాడు. ఎనక పాడింది నేనే."

"అయితే ఇప్పుడు నా ఎనక పాడు తాతా" అంది.

నీ చరణం ఆమె ఎత్తుకుంది. నేను వెనక అందుకున్నాను. సగంలోనే ఆయాసం వచ్చి ఆగిపోయాను.

ఆ పిల్ల ఆగలేదన్నా.