జ్వరాల నెల

మెదక్, ఆగస్టు 1948

పూజ్యులు డాక్టర్ వెంకట్రాములు గారికి నమస్కారాలు.

కొత్త డాక్టర్లకు మీరు వేసిన శిక్షణ పట్టిక అందింది. ఈ నెల జ్వరాలు, వచ్చే నెల ఊపిరితిత్తులు, ఆపై గుండె. మా దవాఖానా పెద్ద దాన్నే పట్టుకుని, జ్వరం లేనివాళ్లను నన్ను ముట్టనివ్వడం లేదు. నిన్న కౌడిపల్లి రైతు భూమయ్యను బండిమీద తెచ్చారు. తొడలో గుండు. ఇక్కడి సర్జన్ భయపడి బెజవాడ వెళ్లిపోయారు. నాది లోపలి రోగాల వైద్యం. గుండు కూడా లోపలే ఉంది కదా, తీయవచ్చా?

విధేయుడు,
కృపాదానం

తా.క. భూమయ్య తల్లి బాలనర్సమ్మ, "జరమొస్తేనే సూస్తవా సాబ్? గట్లయితే వచ్చేదాంక గీడనే కూసుంటం" అంటోంది.

హైదరాబాదు

చిరంజీవి కృపాదానానికి ఆశీస్సులు.

తొడలో గుండె ఉందని రాశావు. నీకు పట్టా ఇచ్చిందెవరయ్యా? గుండె పాఠం అక్టోబరులో. అప్పటిదాకా దాన్ని తాకకు.

వెంకట్రాములు

తా.క. రోగిని అక్టోబరులో రమ్మను.

మెదక్

అయ్యా,

గుండె కాదు, గుండు. రజాకార్లు పేల్చిన తుపాకి గుండు. తొడ చీము పట్టింది. కోత కత్తుల పెట్టె మా పెద్ద దగ్గరుంది, మీ మాట లేనిదే ఇవ్వరట. దయచేసి ఒక్క ముక్క రాయండి.

కృపాదానం

తా.క. భూమయ్యకు జ్వరం వచ్చింది. బాలనర్సమ్మ సంబరపడింది: "ఇగ నీ నెలలకొచ్చిండు గద, సూడు బిడ్డా!"

హైదరాబాదు

కృపాదానానికి,

గుండైతే అది కోత వైద్యం, మన పాఠాల్లో లేదు. రోగిని వెంటనే హైదరాబాదు పంపమని మీ పెద్దకు తాఖీదు పంపాను. దారులు బాగాలేవని సాకులు చెప్పకు. ఉత్తరాల్లో ఆ పేర్లు రాస్తే నా ఉద్యోగం ఏం కావాలి?

వెంకట్రాములు

తా.క. తప్పిపోయిన జ్వరం పాఠాలు ఆదివారం ప్రార్థన మానుకుని పూర్తి చెయ్యి.

హైదరాబాదు, అక్టోబరు

ప్రియమైన డాక్టర్ కృపాదానం గారికి,

సైన్యం వచ్చింది, రాజ్యం మారింది. కొత్త అధికారులు ఆ రోజుల్లో ప్రజలకేం చేశావని నన్ను నిలదీస్తున్నారు. రజాకార్లు కాల్చిన రైతును నా సలహాతోనే బతికించారని నాలుగు ముక్కలు రాసిపంపండి. మీ శిక్షణ పూర్తయినట్టే.

మీవాడు,
వెంకట్రాములు

తా.క. భూమయ్య వేలిముద్ర కూడా ఉంటే మరీ మంచిది.

కౌడిపల్లి

అయ్యా,

మీ తాఖీదు అందగానే మా దవాఖానా పెద్ద, భూమయ్యను బండెక్కించారు. ఎంత మొత్తుకున్నా వినలేదు. నేనూ వెంట వెళ్లాను. రామాయంపేట దాటకముందే, తల్లి ఒళ్లో పోయాడు. మీరడిగింది రాయలేను. శిక్షణ మానేశాను. ఈ ఊళ్లోనే ఉంటాను.

కృపాదానం

తా.క. మీ ఉత్తరం బాలనర్సమ్మకు చదివి వినిపించాను. "గాయన గూడ డాక్టరేనా?" అంది. డాక్టర్లకు పాఠాలు రాస్తారని చెప్పాను. "మరి రోగులను ఎవలు సూస్తరు?" అంది.