వేగుచుక్క జ్వరం

చెల్లీ జయా,

నీకిష్టమైన వేగుచుక్క కబురు ఇవాళ రేడియోలో చెప్పారు. నువ్వు వినలేవని తెలుసు, అయినా ఇంకెవరికి చెప్పను? రష్యా వాళ్ళ యంత్రం ఒకటి ఆ శుక్రగ్రహం గాలిలోకి దూకి, కిందికి దిగుతూ అక్కడి వేడెంతో, గాలి ఒత్తిడెంతో కొలిచి పంపిందట. మాట పడిపోయేదాకా చెబుతూనే ఉందట.

"అంత దూరాన ఉన్న శుక్రుడి వేడి కూడా కొలిచేశారే! ఏం బుర్రలో వాళ్ళవి!" అని బాబాయి మురిసిపోయాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. నీ ఒళ్ళు కాలిపోతుంటే, నందిగామ నుంచి థర్మామీటరు పట్టుకుని జగ్గయ్యపేట దాకా వచ్చిన డాక్టరుగారిని మన గుమ్మంలోనే ఆపింది ఈయనే కదా! "అమ్మవారు పోసిన ఒంటికి గాజుగొట్టం పెడతారాండీ? ఆవిడకి కోపమొస్తుంది" అంటూ వేపమండలు చూపించి వెనక్కి పంపేశాడు. నీ జ్వరమెంతో ఎవరూ చూడకుండానే నిన్ను సాగనంపాం.

"మరి వేడి కొలిస్తే శుక్రుడికి కోపం రాలేదా బాబాయ్?" అని అడిగాను.

ఆయన లేచి రేడియో కట్టేశాడు.

నేను మళ్ళీ పెట్టాను, వీధి చివరిదాకా వినపడేలా.

అక్క