చివర ‘ఆర్ ఇ’

మార్చి 3, సోమవారం
ఆర్డర్ మాకే వచ్చింది! కొత్త కంటి ఆస్పత్రి ముందు గోడ. ‘ఐ కేర్ సెంటర్’ అని ఇంగ్లీషులో, ఇరవై అడుగుల పొడవున. ఫ్లెక్సీ వద్దు, చేత్తోనే రాయించమందట పెద్ద డాక్టరమ్మ. బోర్డులు రాసే నాన్న కుడిచేయి వణకడం మొదలయ్యాక నేను ఒక్కదాన్నే ఒప్పుకున్న మొదటి పెద్ద పని.

మార్చి 5
మొదటి రెండు మాటలూ అయ్యాయి. నల్లేరు మీద నడక.

మార్చి 6, సాయంత్రం
ఆస్పత్రి మేనేజర్ కిందనుంచే కేకేశాడు. సెంటర్ స్పెల్లింగ్ తప్పట. చివర ‘ఆర్ ఇ’ ఏంటమ్మా, ‘ఇ ఆర్’ కదా, కంప్యూటర్లో కొడితే ఎర్రగీత పడుతోంది అన్నాడు. సోమవారం ప్రారంభం, ఈలోపు చెరిపి మళ్లీ రాయమన్నాడు. చదువురాని వాళ్లకి పనిస్తే ఇంతే అని నాకు వినపడేలా గొణుక్కుంటూ వెళ్లాడు.
పదో తరగతిలో నేను తప్పింది ఇంగ్లీషే. ఆ సంగతి అతనికి తెలియదు. తెలిసినట్టే అనిపించింది. బ్రష్షులు కడుక్కుని వచ్చేశాను.

అదే రోజు, ఏడు గంటలకు
నాన్నను అడిగాను. రెండొందల బోర్డుల మీద ఆ మాట రాశాను తల్లీ, ఎప్పుడూ చివర ‘ఆర్ ఇ’ నే అన్నాడు. ఎందుకలా అంటే నవ్వాడు. నాకు ఇంగ్లీషు చదవడం ఎక్కడొచ్చు, మా గురువు గీసిచ్చిన నమూనా చూసి దించేవాణ్ణి అన్నాడు.
నాకు ముప్పై రెండేళ్లు. ఈ సంగతి ఇవాళ తెలిసింది. నేను నేర్చుకున్న ఆ వంపులు, ఆ కొలతలు అన్నీ చదవడం రాని చేతివి!
ఇంతకీ సెంటర్ అంటే ఏంటే అన్నాడు. మధ్య అన్నాను. మరి నేను బోర్డు రాసిన కుట్టు సెంటరు ఊరి చివరుండేదే, అది దేనికి మధ్య అన్నాడు. ఆలోచించాను. నాలుగు రోడ్లు కలిసే చోటుని సెంటర్ అంటాం కదా నాన్నా, అలాగే నలుగురూ వచ్చి చేరే చోటు అన్నాను. అయితే మనిల్లూ సెంటరే, పనిలేని చుట్టాలంతా ఇక్కడే చేరతారు అన్నాడు. పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకున్నాం.

మార్చి 7
లైబ్రరీకి వెళ్లాను. లావుపాటి డిక్షనరీ తీశాను. రెండూ ఉన్నాయి! బ్రిటన్ వాళ్లది ‘ఆర్ ఇ’, అమెరికా వాళ్లది ‘ఇ ఆర్’. అర్థం ఒకటే. ఫొటో తీసుకుని పరుగు.
మేనేజర్ చూడనన్నాడు. నేరుగా పెద్ద డాక్టరమ్మ గదిలోకి వెళ్లిపోయాను. ఎక్కడిదో ఆ ధైర్యం. రెండూ సరైనవే మేడమ్, కానీ ఒక ఆస్పత్రికి ఒకటే ఉండాలి, మీ రిజిస్ట్రేషన్ కాగితం మీద ‘ఇ ఆర్’ ఉంటే ఇప్పుడే చెరుపుతాను అన్నాను.
ఆవిడ సొరుగులోంచి కాగితం తీసింది. ‘ఆర్ ఇ’. పక్కనే మేనేజర్ అచ్చు వేయించిన మందుల చీటీల కట్ట. ‘ఇ ఆర్’.
గోడ అలాగే ఉంటుంది, చీటీలు మార్పించండి అంది. నా వెనకే వచ్చి నిలబడ్డ మేనేజర్ ఆ కట్ట తీసుకుని బయటికి నడిచాడు.
నీకు అక్షరాలు ఎవరు నేర్పారమ్మా అని అడిగింది. మా నాన్న, ఆయనకు ఇంగ్లీషు చదవడం రాదు మేడమ్ అన్నాను. గొంతు తగ్గించలేదు.

మార్చి 10, సోమవారం
ప్రారంభం. నాన్న రోడ్డుకి అవతల ఎండలో నిలబడి అరగంట చూశాడు. ‘ఆర్’ కాలు కాస్త బారెడయింది అన్నాడు. అంటే బ్రహ్మాండంగా ఉందని.
మేనేజర్ లోపలి గదుల పేర్ల లిస్టు చేతికిచ్చి, స్పెల్లింగులు ఒకసారి చూసిపెట్టమ్మా అన్నాడు.

మార్చి 11
పొద్దున్నే నాన్న తన పేరు ఇంగ్లీషులో నేర్పమని కూర్చున్నాడు. మొదటి అక్షరమే బోర్డు మీద రాసినంత రాశాడు. పేజీ చాలలేదు.