ఆరు గంటల రికార్డు

జూన్ 9, సోమవారం. ఉదయం 7.10

డైరీ రాయమని కర్నూల్లో కౌన్సిలర్ మేడం చెప్పింది. ఎవరికీ చూపించనక్కర్లేదంది. ఇరవై ఎనిమిది రోజులు అక్కడ తాగుడు మాన్పించే సెంటర్లో ఉండి నిన్ననే ఎమ్మిగనూరు వచ్చాను. నా భార్య ఉష ఐదున్నరకే ఆటో ఎక్కి హాస్టల్లో వంటకు పోయింది. నేను షాపు తెరిచేది ఏడున్నరకు. మధ్యలో రెండు గంటలు ఇంట్లో నేనొక్కడినే. సందు చివర ప్రకాష్ బెల్టు షాపు ఆరుకు తెరుస్తాడు. పదకొండేళ్లు ఆ రెండు గంటల్లోనే తాగాను. మోటార్లకు వైండింగ్ చేసేవాడికి చేతులు వణకకూడదు. వణుకు ఆగాలంటే తాగాలి. తాగితే తీగ చుట్లు లెక్క తప్పుతాయి. ఇలా నడిచింది.

ఈరోజు మూడుసార్లు చెప్పులు వేసుకుని మూడుసార్లు విప్పాను.

జూన్ 11, బుధవారం

రాగి తీగ కోసం ఆదోని పోయాను. ఫక్రుద్దీన్ సాబ్ దగ్గర కూర్చున్నాను. నాకు వైండింగ్ నేర్పింది ఆయనే. చూపు తగ్గి ఇప్పుడు షాపు మూసేస్తున్నాడు. పొద్దున పూట ఎట్ల గడుపుతాండావు అని అడిగాడు. సెల్లులో పాటలు వింటున్నానన్నాను. తెలిసిన పాట వింటే ఏమొస్తాది బేటా, పాట దారిన పాట పోతాది, నీ మనసు ప్రకాష్ దుకాణం దారి పడతాది అన్నాడు. కోడలు గుల్నాజ్‌ను పిలిచి అటక మీది రికార్డు ప్లేయర్ దింపించాడు. పదకొండు రికార్డులు. ఎప్పుడో గుంతకల్లు రైల్వే ఆఫీసరొకాయన రిపేరుకు ఇచ్చి, ట్రాన్స్‌ఫరై, మళ్లీ రాలేదట. దీన్ని జాజ్ అంటారు, మాటలుండవు, తరవాత ఏమొస్తాదో వాయించేటోనికే తెలీదు, నీకెట్ల తెలుస్తాది, కూసోని ఇనాల్సిందే అని నవ్వాడు.

జూన్ 12, గురువారం. 6.50

పెట్టాను. నచ్చలేదు. పెళ్లి బ్యాండు వాళ్లు దారి తప్పి మా సందులోకి వచ్చినట్టుంది. ట్రంపెట్ వాడు ఒకటి మొదలుపెడతాడు. అది పూర్తి కాకముందే ఇంకొకడు లాక్కుంటాడు. డ్రమ్ముల వాడు ఎవరి మాటా వినడు. వీళ్లు ఎప్పుడు దారికొస్తారా అని చూస్తూ కూర్చున్నాను. సైడు అయిపోయింది. తిప్పాను. అదీ అయిపోయింది. గడియారం ఆరూ నలభై.

చెప్పులు వేసుకోలేదు.

జూన్ 30, సోమవారం

ఉషకు ఈ పాటలు పడవు. డబ్బాలో ఎలకలు పడినట్ల ఏం గోల ఇది అంది. ఈరోజు ఆటో హారన్ కొడుతుంటే వెనక్కి వచ్చి, ప్లగ్గు తనే పెట్టి, రికార్డు తుడిచి పోయింది.

జూలై 8, మంగళవారం

పెద్దకడుబూరు నుంచి ఒక రైతు కాలిపోయిన మోటారు తెచ్చాడు. పోయిన సంవత్సరం అదే మోటారు నేను చేస్తే రెండు నెలలకే కాలిందట. ఈసారన్నా మనిషివై చెయ్యప్పా అన్నాడు. మాట పడ్డాను. సాయంత్రానికి చుట్టడం అయింది. ఒక్క చుట్టు తప్పలేదు. చేతులు చూసుకున్నాను.

జూలై 19, శనివారం

పక్కింటి లక్ష్మక్క చంకలో చీర పెట్టుకుని వచ్చింది. మాకూ ఆమెకూ ఒకటే గోడ. అవతల ఆమె గుంత మగ్గం. మా సందులో చేత్తో నేసేది ఇంక ఆమె ఒక్కతే. చీర విప్పి వాకిట్లో వెలుతురుకు పట్టింది. ఒక చోట నేత ఒత్తుగా ఉంది, జానెడు పోతే పలుచగా, మళ్లీ ఒత్తుగా. చేనేత సొసైటీ వాళ్లు ఇట్లాంటివి రెండు వెనక్కి కొట్టారట. మూడోది కూడా ఇట్లాగే వస్తే ఇంక నూలు ఇచ్చేది లేదన్నారట.

కంట్లో పొర వచ్చి రెండేండ్లాయ, చెవితో నేస్తాండా నేను అంది. అడుగు తొక్కితే ఒకటి, నాడె ఉరికితే ఒకటి, పలక కొడితే ఒకటి, నాకు మూడే సప్పుళ్లు. నీ ఇంట్లో ఆ డ్రమ్ములోడు నాలుగోది కొడతాండాడు. వాడు ఉరికితే నా సెయ్యి ఉరుకుతాది, వాడు గమ్మునుంటే నేనూ గమ్మునుంటా. వాడెవడో గానీ కూలి ఇయ్యకుండా నాతో పని సేపిచ్చుకుంటాండాడప్పా అంది. నవ్వాను. ఆమె కూడా నవ్వబోయి చీర చూసి ఆగింది. ఎనిమిది దాటినాక పెట్టుకో నాయనా, ఎండెక్కితే నాకు కండ్లలో నీళ్లు కారతాయి, పొద్దున్నే నేసుకోవల్ల అంది.

సరే అక్కా అన్నాను.

నేను కర్నూలు ఎందుకు పోయానో సందంతా తెలుసు. ఆ రికార్డులు ఎందుకు పెడుతున్నానో తెలియదు. చెప్పి ఉండొచ్చు. నోరు రాలేదు.

జూలై 21, సోమవారం. 6.25

సౌండు బాగా తగ్గించి పెట్టాను. గోడ అవతల మగ్గం ఆగింది. తీసేశాను. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని సెల్లులో అలాంటివే వెతికాను. దొరికాయి. కానీ సెల్లు చేతిలో ఉంటే ప్రకాష్ నంబరూ చేతిలోనే ఉంటుంది.

సెల్లు బియ్యం డబ్బాలో పెట్టి మూత వేశాను.

జూలై 22, మంగళవారం

తాగాను.

జూలై 24, గురువారం

మంగళవారం షాపు తెరవలేదు. ఉష వచ్చేసరికి కింద పడుకుని ఉన్నానట. నిన్న తను పనికి పోలేదు. నా ఎదురుగా కూర్చుని చింతపండు గింజలు తీసింది. తిట్టి ఉంటే బాగుండేది.

సాయంత్రం ఆరున్నరకు లక్ష్మక్క వచ్చింది. రెండు మూడు దినాల నుంచి నీ డ్రమ్ములోడు రాలేదు, అలిగినాడా అని నన్ను ఎగతాళి చేసింది. ఉష చేతిలోది కింద పెట్టింది. ఆ డ్రమ్ములోడే ఈయన్ను పొద్దున ఇంట్లో కూసోబెడతాండె అక్కా అంది. నలభై దినాలు కూసోబెట్టినాడు, ఆపినాక రెండో దినమే పోయినాడు అంది.

లక్ష్మక్క నా మీద లేచింది. ఏమప్పా ఈరేశా, నోట్లో నాలిక లేదా నీకు? నేనేమన్నా కలగంటినా? నా సీర సెడితే ఇప్పుకోని మళ్లా నేసుకుంటా, నువ్వు సెడితే ఎవరప్పా ఇప్పేది అంది. మూడోది వెనక్కొస్తే నూలు ఇయ్యరు కదక్కా అన్నాను.

లక్ష్మక్క గడప దాటబోయి వెనక్కి తిరిగింది. ఆదివారం వస్తా, నీ పెట్టెలో ఉండేటివన్నీ ఇనిపీ అంది.

జూలై 27, ఆదివారం

ఉదయం పది నుంచి ఒంటిగంట దాకా విన్నాం. లక్ష్మక్క గోడకు ఆనుకుని కాళ్లు చాపి కూర్చుంది. మగ్గం తొక్కినట్టు పాదం ఆడిస్తుంది, తొడ మీద చెయ్యి కొడుతుంది. పాటకు అడుగు తప్పగానే తీసెయ్ అంటుంది. మొదటి రికార్డు వాడికి ఇంటికి పోయే తొందరే లేదంట. రెండోవాళ్లు ఒకరికొకరు పడని అన్నదమ్ములంట. నాలుగోది పెట్టగానే వీడు తాగి వాయిస్తాండాడు అనేసింది. అని నాలుక కరుచుకుంది. ముందు ఉష నవ్వింది. నెలల తరవాత నవ్వింది. తరవాత నేను. లక్ష్మక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, నా నోరు పడిపోను అని ఒకటే నవ్వు.

ఏడో రికార్డు పియానోది. డ్రమ్ముల వాడు కొట్టడు, చీపురుతో ఊడ్చినట్టు చేస్తాడు. ఆమె కళ్లు మూసుకుంది. పాదం తప్పలేదు. సైడు అంతా తప్పలేదు. వీడు నేసేటోడప్పా అంది. రెండో సైడు తిప్పితే మధ్యలో ఒక చోట ఉరికాడు. ఇది వద్దు, మొదటిదే పెట్టుకో, మళ్లా మళ్లా పెట్టుకో అంది.

ఇరవై రెండు నిమిషాలు. మూడుసార్లు పెడితే గంట దాటుతుంది.

జూలై 28, సోమవారం. 7.20

పెట్టాను. మగ్గం ఆగలేదు.

ఆగస్టు 14, గురువారం

మూడో చీర సొసైటీ వాళ్లు తీసుకున్నారు. లక్ష్మక్క గిన్నెలో బెల్లం అన్నం పంపింది.

నా సంగతి వేరే. రికార్డు అంతా నోటికి వచ్చేసింది. సూది ఎక్కడ గరగరమంటుందో కూడా తెలుసు. సాబ్ చెప్పినట్టే అయింది. పాట దారిన పాట పోతోంది. ఆరో తేదీన చెప్పులు వేసుకుని గడప దాటాను.

అప్పుడు సైడు అయిపోయింది. మగ్గం మాత్రం నడుస్తూనే ఉంది. లోపలికి వచ్చి సూది మళ్లీ మొదట్లో పెట్టాను. పియానో వచ్చి మగ్గంతో కలిసింది. సరిగ్గా కలవలేదు. ఆమె వెంట్రుకవాసి ముందుంది. కాసేపటికి వాడు అందుకున్నాడు. మళ్లీ ఆమె నిదానించింది, నూలు కండె మార్చుకుందేమో. ఎవరు ముందో వింటూ కూర్చున్నాను. మర్నాడు ఇంకోలా ఉంది. ఏ రోజుకు ఆ రోజు వేరే.

తాగక ఈరోజుకు ఇరవై మూడు రోజులు.

సెప్టెంబర్ 3, బుధవారం. 7.25

నాలుగింటి నుంచి కరెంటు లేదు. ఉష పోయింది. ప్లేయర్ ముందు ఊరికే కూర్చున్నాను.

లక్ష్మక్క మగ్గం మీద పడుగు నూలు లేదు. నిన్న చీర కోసేసింది. సొసైటీకి ఇచ్చి వచ్చింది నేనే. కొత్త పడుగు శుక్రవారం గానీ రాదు.

ఆరుకు గోడ అవతల మగ్గం మొదలైంది. నూలు లేని మగ్గం చప్పుడు డొల్లగా ఉంటుంది. అడుగు, నాడె, పలక.

ఏడుంబావు దాకా ఆపలేదు.