విల్ఫ్ కారుకి కొత్త ఫిల్టర్

టాడ్మర్డెన్,
14 మే 1989, ఆదివారం.

ఎడ్నా వదిన గారికి,

థెల్మా నమస్కారాలతో రాస్తున్నది. ఇక్కడ మేమిద్దరం క్షేమం. ప్రతి ఉత్తరంలోనూ మర్యాదకి రాసే మాటే అయినా ఈసారి మాత్రం నిజంగా రాస్తున్నాను. విట్బీలో మీ మోకాళ్లు ఎలా ఉన్నాయి? చెవి మిషను పెట్టుకుంటున్నారా, ఇంకా సొరుగులోనే ఉందా? మీకు ఫోన్లో వినపడేదైతే పొద్దున్నే అరిచి చెప్పేదాన్ని. చేతులకి పెట్రోలు వాసన ఇంకా వదల్లేదు. కాగితానికీ అంటుతుందేమో, ఏమీ అనుకోకండి.

క్రిస్మస్ ముందు పక్షవాతం వచ్చినప్పటి నుంచి మీ తమ్ముడు విల్ఫ్ ఒక్క మాట మాట్లాడలేదని మీకు తెలుసు. కాలు కొంత స్వాధీనంలోకి వచ్చింది. కుడిచెయ్యి రాలేదు, మాట అసలే రాలేదు. మాటలు నేర్పడానికి వచ్చే అమ్మాయి మంచిదే. కప్పు బొమ్మ చూపించి ఇదేమిటో చెప్పండి అంటుంది. ఊళ్లో సగం ఇంజన్లు బాగుచేసిన మనిషిని అలా అడిగితే ఏం చేస్తాడు? గోడవైపు తిరిగి పడుకుంటాడు.

ఇక ఆ ఎర్ర కారు సంగతి. పెళ్లికి ముందు నన్ను మీకు చూపించడానికి టాపు తీసేసి తీసుకొచ్చాడే, ఆ రెండు సీట్ల బండి. పక్కింటి నోరిస్ వారం వారం వచ్చి, ఇంకెందుకు థెల్మా, షెడ్డులో తుప్పు పట్టించే బదులు నాకిచ్చెయ్యరాదా అంటాడు. మొన్న నేనే బయటికి తీశాను. చర్చి దగ్గర ఎత్తు ఎక్కుతుంటే దగ్గింది, కుదుపులు కుదుపులుగా నాలుగు గజాలు నడిచి ఆగిపోయింది. నోరిస్ తాడు కట్టి లాక్కొచ్చాడు, దారంతా నవ్వుతూనే ఉన్నాడు. బండి ఇస్తానో లేదో ఆదివారం తేల్చి చెప్పమన్నాడు.

ఎత్తు మీదే ఆగుతోందంటే ఇంజన్‌కి పెట్రోలు అందడం లేదన్నమాట. ఫిల్టర్ పూడిపోయి ఉంటుంది. ఇన్నేళ్లు ఆయన పక్కన టీ కప్పు పట్టుకుని నిలబడ్డదాన్ని, ఆ మాత్రం తెలియదా? వెళ్లి కొత్తది కొనుక్కొచ్చాను.

ఈ ఉదయం ఆయన్ని షెడ్డులోకి నడిపించుకెళ్లి బోనెట్ ఎదురుగా కుర్చీ వేసి కూర్చోబెట్టాను. బ్యాటరీ వైరు ఊడదీశాను. అంతలో నోరిస్ పొగాకు పైపు కాలుస్తూ దిగాడు. అది ఆర్పి వస్తే రా, లేకపోతే ముగ్గురం కలిసే పైకి పోతాం అన్నాను. ఆర్పి గుమ్మంలో నిలబడి, "అది కారు థెల్మా, కేకు కాదు" అన్నాడు. "పైపుతోపాటు నోరు కూడా ఆర్పు" అన్నాను.

పెట్రోలు గొట్టాన్ని పట్టకారుతో నొక్కిపెట్టి, కింద గుడ్డ పరిచి, క్లిప్పులు వదులుచేసి పాత ఫిల్టర్ లాగాను. మోచేతిదాకా పెట్రోలు కారింది. డబ్బాలోకి వంచితే అంతా గోధుమరంగు తుప్పు. విల్ఫ్ ముందుకి వంగి చూశాడు.

కొత్త ఫిల్టర్ మీద చిన్న బాణం గుర్తుంటుంది వదినా. అది ఇంజన్ వైపు ఉండాలి. నేను ట్యాంకు వైపు పెట్టాను. ఒక క్లిప్పు బిగించాను. రెండోది చేతిలోకి తీసుకున్నాను.

"తిప్పు" అన్నారు ఎవరో.

నోరిస్ అనుకున్నాను. చూస్తే అతను నోరు తెరుచుకుని విల్ఫ్ వైపు చూస్తున్నాడు. మీ తమ్ముడు ఎడమచెయ్యి చాపి, ముఖమంతా కందగడ్డ చేసుకుని, గొంతులో రాళ్లు దొర్లినట్టు మళ్లీ అన్నాడు. "తిప్పవే, మొద్దూ."

పెళ్లయ్యాక నన్ను మొద్దు అంటే నేను పడి ఊరుకోవడం ఇదే మొదలు. పెట్రోలు చేతులతోనే ఆ ముఖం పట్టుకుని ఏడ్చాను. ఆయన నన్ను పక్కకి నెట్టి, "క్లిప్పు" అన్నాడు.

తిప్పి బిగించాను. తాళం తిప్పితే కాసేపు గుర్రుగుర్రుమని మొరాయించి, తర్వాత ఒక్కసారిగా అందుకుంది. ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని చర్చి ఎత్తు ఎక్కించాను. ఒక్క దగ్గు లేదు. నా టోపీ ఎక్కడో ఎగిరిపోయింది, వెతకలేదు. తిరిగొచ్చేసరికి నోరిస్ గేటు దగ్గరే ఉన్నాడు. విల్ఫ్ అతన్ని చూసి "నాది" అన్నాడు. దాని తర్వాత అన్న మాట ఉత్తరంలో రాసేది కాదు. నోరిస్ మాత్రం అది విని కళ్లు తుడుచుకున్నాడు.

మీరు త్వరగా రండి. రైల్వే స్టేషనుకి నేను ఆ బండిలోనే వస్తాను.

పెట్రోలు చేతులతో,
మీ మరదలు,
థెల్మా

తా.క.: విల్ఫ్ కునుకు తీస్తున్నాడు కాబట్టి ఇది రాస్తున్నాను. చదివి చింపెయ్యండి. బాణం ఎటు ఉండాలో నాకు ముందే తెలుసు. కావాలనే తిప్పి పెట్టాను. ఎదురుగా ఇంజన్‌కి తప్పు జరుగుతుంటే మీ తమ్ముడు ఊరుకోగలడా, అదొక్కటే నా ఆశ. ఆయన పలక్కపోతే నేనే సరిచేసి, మధ్యాహ్నం తాళాలు నోరిస్ చేతిలో పెట్టేద్దామనుకున్నాను. ఆ రెండో క్లిప్పు బిగించకుండా ఎంతసేపు పట్టుకుని ఆగానో మీకొక్కరికే చెబుతున్నాను. రేపు స్పార్క్ ప్లగ్గుల వైర్లు తారుమారు చేస్తాను.