పటం మీద బుసనీళ్ళు

సోమవారం

అక్కా,

దేవుడి దయవల్ల మేమంతా కులాసా. నువ్వూ, బావగారూ కూడా అలాగే ఉన్నారని తలుస్తాను. నేనొక తప్పు చేశాను. నీకు తప్ప ఇంకెవరికీ చెప్పుకోలేను.

నిన్న మధ్యాహ్నం బస్సుస్టాండు ఎదురుగా ఉన్న మా కొట్టుకు ఒక అమ్మాయి వచ్చింది. చేతిలో పెద్ద పటం, జేబు నిండా రంగు పెన్నులు. మేమమ్మే ఈ చల్లటి సీసాల్ని ఏ ఊళ్ళో ఏమంటారో అడిగి, మాటకో రంగు చొప్పున, మనిషికో చుక్క వాళ్ళ ఊరి మీద పెడుతుందట. ఇదీ ఒక ఉద్యోగమేనా అనకు, చూస్తుంటే నాకు భలే ముచ్చటేసింది. బెంచీ మీదున్న డ్రైవరు "రంగుసోడా" అన్నాడు. వాళ్ళ ఊరికి పచ్చ చుక్క. మూట దించుకున్న ఒక పెద్దావిడ, "మా వైపు గ్యాసుసీసా అంటామమ్మా, నవ్వుకుంటే నవ్వుకోండి, నాకేం?" అంది. పసుపు చుక్క. ఇక్కడి వాళ్ళందరిదీ ఒకటే మాట, కూల్ డ్రింకు. ఈ ఊరంతా నీలమే.

"మీదే ఊరు ఆంటీ?" అని నన్నడిగింది. చెప్పాను. ఆ పిల్ల ముఖం వెలిగిపోయింది. "అటువైపు వాళ్ళు ఇంతవరకు ఒక్కరూ దొరకలేదు! ఏమంటారు మీరు?"

పక్కనే మా ఆడపడుచు సీసాలు తుడుస్తోంది. ఆమె వైపు ఒకసారి చూశాను.

"కూల్ డ్రింకే" అన్నాను.

మన ఊరి మీద నీలం చుక్క పడింది. నా ఒక్క అబద్ధానికి ఊరు ఊరంతా మాట మార్చుకుంది. ఈ ఉదయం దేవుడి పటం ముందు కూర్చుని కూడా తలెత్తలేకపోయాను.

నీ చెల్లెలు


గురువారం

అక్కా,

"ఊరి పరువు తీశావు కదే, నీకేం పోయేకాలం?" అని రాశావు. చదివి నవ్వాను, ఆ తరువాత ఏడుపొచ్చింది. పోయేకాలం కాదు, ఇరవై ఎనిమిదేళ్ళ నాటి సిగ్గు. నీక్కూడా ఎప్పుడూ చెప్పలేదు.

పెళ్ళైన మూడో రోజు. ఎండ మండిపోతోంది, హాలు నిండా చుట్టాలు. అత్తగారు "ఏం తాగుతారో కనుక్కో అమ్మాయ్" అన్నారు. కొత్త కోడల్ని కదా, చురుగ్గా కనిపించాలని గట్టిగానే అడిగాను. "అందరికీ బుసనీళ్ళు తెప్పించనా?" అని. మూత తీయగానే బుస్సుమంటాయి కాబట్టి బుసనీళ్ళు. పుట్టినప్పటి నుంచీ అనుకునే మాటేగా మనకు! అప్పుడు మా ఆడపడుచు, "పాముల్ని పిండుకొస్తావా వదినా?" అంది. ఇక చూడు, ఒకాయన కుర్చీలోంచి జారిపోయాడు. గుమ్మంలో నిలబడ్డ నీ మరిది కూడా పొట్ట పట్టుకుని నవ్వారు. మిగతావాళ్ళ సంగతి సరే, ఆయన నవ్వడమే నాకు ముల్లులా దిగింది.

ఆరు నెలలు నేను "బుస వదిన"ని. ఆ తరువాత అందరూ మర్చిపోయారు. నేను మర్చిపోలేదు. ఆ మాట మళ్ళీ ఈ ఇంట్లో అనలేదు. అవే సీసాలు రోజూ అమ్ముతూ "ఏది కావాలి, ఇదా, అదా?" అని వేలు చూపిస్తూ ఇన్నేళ్ళు నెట్టుకొచ్చాను.

పటం శనివారం అచ్చుకు వెళుతుందట. రేపు ఆ అమ్మాయి ఆఫీసుకు వెళ్ళి నిజం చెప్పేస్తాను. ఈయనకు మాత్రం చెప్పను. మళ్ళీ నవ్వితే తట్టుకోలేను.

చెల్లి


శనివారం

నా బంగారు అక్కా,

గబగబా రాస్తున్నాను, అక్షరాలు వంకరపోతే ఏమీ అనుకోకు.

నిన్న వెళ్ళాను. "అమ్మాయీ, నీకు అబద్ధం చెప్పాను. మేము బుసనీళ్ళు అంటాం" అన్నాను. ఆ పిల్ల నవ్వలేదు. గబగబా పుస్తకం తిరగేసింది. "ఉండండాంటీ, ఈ మాట ఇదివరకే ఒకరు చెప్పారు. ఐసు ఫ్యాక్టరీ దగ్గర కలిశారు. పుట్టి పెరిగింది ఇక్కడేనట, మాట మాత్రం ఇది. నాతో పరాచికాలాడుతున్నారేమోనని ఈ ఊరి మీద ఎర్ర చుక్క పెట్టి, పక్కన ప్రశ్న గుర్తు వేశాను. రేపు తీసేద్దామనుకుంటున్నా."

"ఎలా ఉంటాడమ్మా ఆ మనిషి?"

"బట్టతల. ఎడమ చేత్తో ఐసు మోస్తారు."

అక్కా, ఈ ఊళ్ళో ఎడమ చేత్తో ఐసు మోసే బట్టతల ఒక్కటే.

కొట్టుకు వచ్చేసరికి ఆయన పెట్టెలో ఐసు కొడుతున్నారు. "ఏమండీ, ఆ పటాల అమ్మాయికి ఏం చెప్పారు?" అన్నాను.

సుత్తి ఆపారు. దొంగలా చూశారు. "మన ఇంట్లో అనే మాట చెప్పాను."

"మన ఇంట్లో ఎవరన్నారు?"

"నువ్వే. రోజూ పొద్దున్నే. 'స్వామీ, ఈరోజు బుసనీళ్ళు ఒక్కటీ మిగలకుండా చూడు' అని దండం పెట్టుకుంటావుగా. మనసులో అనుకుంటున్నాననుకుంటావు, వంటింటిదాకా వినపడుతుంది." సుత్తి పక్కన పెట్టారు. "ఆ రోజు నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నాను. అప్పటి నుంచీ నాతో ఆ మాట అనడం మానేశావు. దేవుడితో మాత్రం అంటావు. గోడ ఇవతల నిలబడి వినేవాణ్ణి. అడిగితే అక్కడ కూడా మానేస్తావని భయం."

సీసాలు తుడుస్తున్న మా ఆడపడుచు గుడ్డ కింద పడేసి, "అయ్యో వదినా, ఇన్నేళ్ళూ కడుపులో పెట్టుకున్నావా? పాములన్నది నేనా? తల్లీ, నాకు ఇవాళ ఏం కూర వండానో కూడా గుర్తుండదు!" అంది. ముందెవరు నవ్వారో తెలీదు కానీ, ఈసారి అందరికన్నా గట్టిగా నవ్వింది నేనే. ఎదురు కొట్టులో మంగలి కత్తెర పట్టుకుని బయటికొచ్చి చూశాడు.

ఇవాళ పొద్దున్నే ఆ అమ్మాయికి ఫోను చేశాను. "మా ఆయన పరాచికాలాడలేదమ్మా. ఆ ప్రశ్న గుర్తు తీసేయి, చుక్క ఉంచు" అన్నాను. సాయంత్రం అచ్చు పటం ఒకటి మా కొట్టుకు పంపింది. మన ఊరు ఎర్రగా మెరిసిపోతోంది. దాన్ని చూసి మురిసిపోయాను, కానీ కళ్ళు తుడుచుకున్నది దానికోసం కాదు. ఇటు, ఈ ఊరి నీలం చుక్కల మధ్యలో ఒకే ఒక్క ఎర్ర చుక్క ఉంది అక్కా. అది మా ఆయన.

నీ బుస చెల్లెలు